కొట్టినవాడు ఆమె విద్యార్థి

రోషన్ ఎడమ కంటికి ఇక చూపు రాదని డాక్టరు చెప్పేశాడు. సినిమాల్లో హీరో వెనక గుంపులో డాన్సు చేసే కుర్రాడతను. ఫిల్మ్‌నగర్ మలుపులో అతని బండి ఓ కారుకు రాసుకుంది. కారు దిగినవాడు రోషన్ హెల్మెట్టే లాక్కుని ముఖమ్మీద బాదాడు.

బాదింది పృథ్వీరాజ్ అని రోషన్ గుర్తుపట్టి చెప్పాడు. ఆ పేరు అక్క జెరూషకు బాగా తెలుసు. జూబ్లీ హిల్స్ బడిలో ఆమె దగ్గర మూడేళ్లు శాంతి పాఠాలు నేర్చుకున్న పిల్లవాడు వాడు. నిర్మాత త్రినాథరావు కొడుకు. కేసు మాత్రం వాళ్ల డ్రైవరు జగదీశ్ మీద రాశారు. నేరం తనదేనని అతని చేత చెప్పించారు.

జెరూష భర్త జేవియర్ సినిమా ఫైటరు. పృథ్వీరాజ్ కన్ను తీస్తానని కృష్ణానగర్ సందులో స్నేహితుల్ని పోగేసి బండి తీశాడు.

"నీ పాఠాలు వాడికేం నేర్పాయి? చెప్పు!"

వాడి ముఖం చితక్కొట్టాలని ఆమెకూ ఉంది. అయినా బండి ముందు చక్రం వాటేసుకుని రోడ్డు మీద కూలబడింది.

"వాడి కన్ను పొడిస్తే మా తమ్ముడికి చూపొస్తుందా అండీ? వస్తుందని చెప్పండి, నేనూ వస్తాను."

జేవియర్ తాళం విసిరికొట్టి అక్కడే ఏడ్చాడు.

మర్నాడు ఆమె ఒక్కతే త్రినాథరావు ఇంటికి వెళ్లింది.

"గీడ నిలబడొద్దమ్మా, సార్ తిడతడు" అన్నాడు వాచ్‌మన్ వీరయ్య. ఎండలో అలాగే నిలబడింది. చివరికి పృథ్వీరాజే గేటు దాకా వచ్చాడు.

"టీచర్..."

"నిన్ను కొట్టనివ్వను. అలాగని వదిలిపెట్టనూ వదలను. నువ్వు చేసింది వచ్చి చూడు."

వాడు ఆమె వెంట రోషన్ ఉన్న ఆసుపత్రికి వచ్చాడు. వాణ్ని చూడగానే రోషన్ గోడవైపు తిరిగిపోయాడు.

"వీణ్ణెందుకు తెచ్చావక్కా? వాడేడిస్తే చూసి నేను క్షమించాలా?"

పృథ్వీరాజ్ మంచం చుట్టూ తిరిగి వచ్చి రోషన్ కంటి కట్టును చూశాడు. సాయంత్రం స్టేషన్‌కు వెళ్లి, కొట్టింది తానేనని చెప్పాడు. జగదీశ్ విడుదలై ఇంటికి చేరాడు. త్రినాథరావు పెద్ద లాయర్ని పెట్టి కొడుకును బెయిల్ మీద తెచ్చుకున్నాడు.

రోషన్ ఇప్పటికీ అక్కతో మాట్లాడడు. సోమవారం శాంతి పాఠం చెప్పడానికి జెరూష తరగతిలోకి వెళ్లింది. పిల్లలు లేచి నిలబడ్డారు. వాళ్లను కూర్చోమని, తన తమ్ముడి కన్ను పోగొట్టినవాడూ ఒకప్పుడు ఇదే పాఠం విన్నాడని మొదలుపెట్టింది.