గుంట, పట్టుకో

కట్టను కోసుకుపోయింది మీరే. వేమూరు దాటాక కాలువ కట్టను సగానికి సగం తవ్వి, ట్రాక్టర్లకెత్తి, ఇటుక బట్టీలకు అమ్ముకున్నది మీరే. తవ్వుతుంటే చూసి మొహం తిప్పుకున్న ఆఫీసర్లూ, మీరూ వేరు కాదు. తవ్వినచోట ఒక రాయి పాతలేదు. ఒక ముళ్ళకంప అడ్డం వెయ్యలేదు. చివరికి ఒక మనిషి అడ్డం కూర్చోవాల్సి వచ్చింది. ఆ మనిషి ఎవరో మీకు తెలియదు. తెలుసుకోండి.

బర్నబాస్ సైకిలును బోర్లించి వెనక చక్రం తిప్పుతున్నాడు. తొంభై మూడు డిసెంబరు. తెనాలిలో ఇంకా తెల్లవారలేదు. పేటలో ఇళ్ళ ముందు కట్టిన కాగితం నక్షత్రాలు మంచులో నాని వేలాడుతున్నాయి. బ్రేకు రబ్బర్లు అరిగాయేమోనని బొటనవేలితో తడిమి చూశాడు. సైకిలు నిలబెట్టి గంట ఒకసారి మోగించాడు. ఎడమ భుజం పీకుతోంది. నిన్నంతా తడి దుప్పట్లు పిండాడు కదా, అదే అయ్యుంటుందనుకున్నాడు.

పొట్టి మనిషి. యాభై దాటాయి. చాలా ఏళ్ళుగా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతున్నాడు. అరచేతులు ఎప్పుడు చూసినా అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. వేళ్ళ సందుల్లో సోడా తిన్న మచ్చలు. ఆ ఊరి కాన్పులు, జ్వరాలు, చావులు అన్నీ ఆ చేతుల కిందుగానే పోయాయి. అక్కడ ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. దుప్పట్లాయన అంటారు.

సైకిలు వెనక క్యారియరు మీద ఒక గోనెసంచి నాలుగు మడతలు వేసి కట్టి ఉంటుంది. అది అన్నమ్మ కూర్చునే చోటు. ఆవిడ పుట్టిల్లు బాపట్ల అవతల కర్లపాలెం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ దారి పొడుగునా ఆవిడ వెనక కూర్చునేది, ఈయన తొక్కేవాడు. ముందు గుంట కనపడగానే తల తిప్పకుండా, "గుంట, పట్టుకో" అనేవాడు. ఆవిడ నడుం పట్టుకునేది. కాపురమంతా వాళ్ళు మాట్లాడుకున్న మాటల్లో ఎక్కువ భాగం అదేనేమో. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. సంచి విప్పలేదు. గుంట వచ్చినప్పుడల్లా అనడమూ మానలేదు.

వంతెన దగ్గరికి వెళ్ళేసరికి సైకిలు క్లబ్బువాళ్ళు వచ్చేశారు. ఈ క్లబ్బు పెట్టింది బ్యాంకు గుమాస్తా జనార్దనరావు. పై దేశాల్లో లావు టైర్ల సైకిళ్ళ మీద కొండలెక్కుతారని ఏదో పత్రికలో చూసి, అలాంటి సైకిలే మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు.

"కొండే లేని ఊళ్ళో కొండ సైకిలేంటి సార్?" అన్నాడు ట్యూషన్లు చెప్పుకునే జ్ఞానానందం, చలికి చేతులు రుద్దుకుంటూ.

"కొండ లేకపోతే ఏంటయ్యా, కట్ట ఉందిగా. ఒక పక్క కాలువ, ఒక పక్క బురద చేను. పడకుండా తొక్కు ముందు, కొండ సంగతి తర్వాత చూద్దాం."

వాళ్ళ పద్ధతి ఒకటే. ఒకరి వెనక ఒకరు, రెండు సైకిళ్ళ ఎడం. ముందువాడు గుంట చూసి కేక వెయ్యాలి, వెనకవాడు అందుకుని తన వెనకవాడికి చెప్పాలి. "గుంట, పట్టుకో" అనే మాట బర్నబాస్ దగ్గర నేర్చుకున్నదే. అందరికంటే వెనక వచ్చేది ఆయనే. వెనక ఉండమని ఎవరూ చెప్పలేదు. ముందుకు రమ్మనీ ఎవరూ అనలేదు. మాట ఆయన దాకా వచ్చాక ఆయన కూడా అనేవాడు.

"నీ వెనక ఎవరున్నారు బాబాయ్, కాలువలో చేపలకు చెబుతున్నావా?" అని ఏడిపించేవాళ్ళు.

"ఎవరో ఒకరు వస్తారు కదండీ" అనేవాడు.

ఈ రోజు నిజంగానే ఒకరు రావాలి. నర్సు పుష్పలత. ఆరు నెలల కిందట ఆసుపత్రి ఆవరణలో సైకిలు నేర్పింది బర్నబాసే, క్యారియరు పట్టుకుని వెనక పరిగెత్తి. ఆ పిల్ల రాత్రి డ్యూటీలో ఉంది. "ఆలస్యమైతే ఆగకండి పెదనాన్నా, వెనకాలే వచ్చి అందుకుంటాను" అంది. అందుకుంటుంది కూడా. నెమ్మదిగా తొక్కడం ఆ పిల్లకు చేతకాదు. గుంటలో దిగాక గానీ బ్రేకు గుర్తురాదు.

కట్ట ఎక్కారు. రేపల్లె దాకా వెళ్ళి, టిఫిన్ తిని, సైకిళ్ళు రైల్లో వేసుకుని తిరిగి రావాలని. మంచు ఎంత దట్టంగా ఉందంటే కాలువ లేదు, చేలు లేవు, ముందు పోయే సైకిలు లేదు. చక్రం కింద తడిసిన మట్టి మెత్తగా పోతోంది. కట్ట కదులుతోందా, తాను కదులుతున్నాడా తెలియలేదు బర్నబాసుకు. ఎక్కడో ఒక కొంగ రెక్క విదిలించింది. పాలలో మునిగినట్టున్న ఆ తెలుపులోంచి మాట ఒక్కొక్క గొంతూ మారుతూ వెనక్కి వచ్చేది. గుంట, పట్టుకో. గుంట, పట్టుకో. ఆయన కూడా అనేవాడు. అన్నప్పుడల్లా క్యారియరు కొంచెం బరువెక్కినట్టుండేది.

వేమూరు దాటాక మాట రాలేదు. పెద్ద కేక వచ్చింది. "ఆగండి. దిగండి."

పోయిన నెల ఇక్కడ కట్ట ఉంది. ఇప్పుడు లేదు. కొరికేసిన బెల్లం అచ్చులా మిగిలింది. కాలువ వైపు రెండడుగుల గట్టు, అవతల నిలువునా గొయ్యి. అడుగున ట్రాక్టరు చక్రాల జాడల్లో నీళ్ళు నిలిచాయి. సైకిళ్ళు భుజానికెత్తుకుని ఒక్కొక్కరే దాటారు. దాటాక బర్నబాస్ తన సైకిలును వెనక్కి తిప్పాడు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాడు జనార్దనరావు.

"పుష్పలతమ్మ వస్తదండి."

"ఇంత మంచులో ఏం వస్తుంది, పడుకునుంటుంది."

"వస్తానందండి. మీరు పదండి సార్. తూము దగ్గర టీ తాగుతుండండి, దాటించుకుని వచ్చేస్తా."

"గంట కొట్టు మరి, వచ్చేప్పుడు."

"అట్లాగేనండి."

తోడుంటానని ఎవరూ అనలేదు. టీ మాట వినపడింది కదా. సైకిళ్ళు మంచులో కలిసిపోయాయి.

ఆయన గొయ్యి ఇవతలికి వచ్చి ఆముదం కొమ్మ ఒకటి విరిచి అంచున పాతాడు. హ్యాండిలుకు తగిలించిన చేతిసంచీలోంచి ఎర్ర గుడ్డ తీశాడు. ఆసుపత్రిలో చిరిగిపోయిన ఉన్ని దుప్పటి ముక్క, సైకిలు తుడుచుకునేది. ఎన్నిసార్లు ఉతికినా రంగు వదలని ఎరుపు. కొమ్మకు కట్టి, నడిచి వెళ్ళి దూరం నుంచి చూశాడు. కనపడలేదు. మంచులో ఎరుపు కూడా తెలుపే. వెనక్కి వచ్చి, సైకిలును దారికి అడ్డంగా పెట్టి, దాని ముందు తాను కూర్చున్నాడు. కాళ్ళు బార్లా చాపాడు. చెయ్యి పైకెత్తితే గంట అందుతోంది.

మోగించాడు. ఆగి, మళ్ళీ మోగించాడు.

భుజం నొప్పి గుండెలోకి దిగింది. నుదురు చెమట పట్టింది. లేచి తూము దాకా పోదామా అని ఒకసారి అనిపించింది. ఈలోగా ఆ పిల్ల వస్తే? లేవలేదు. చలి లేదిప్పుడు. మంచు ఉతికి ఆరేసిన దుప్పట్ల వరసలా కదులుతోంది, ఒకదాని వెనక ఒకటి, చివర లేకుండా. వాటి మధ్యన కర్లపాలెం దారి కనపడుతోంది. ఎండ, సరుగుడు నీడ, వెనక అన్నమ్మ. తల తిప్పి చూడకుండానే ఉందని తెలుస్తోంది.

"గుంట" అన్నాడు. "పట్టుకో." నడుం చుట్టూ చెయ్యి వచ్చింది.

పుష్పలత మంచి ఊపు మీద వస్తోంది. ఎక్కడో ముందు గంట వినపడింది. క్లబ్బువాళ్ళే అనుకుని ఇంకా గట్టిగా తొక్కింది. గంట మళ్ళీ మోగింది, కానీ దూరం పోవడం లేదు. ఒకేచోట మోగుతోంది. ఎందుకో తొక్కడం ఆపింది. తర్వాత గంట ఆగిపోయింది. అప్పుడు సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చింది. ముందు చాపిన పాదాలు కనపడ్డాయి. తర్వాత సైకిలు. దాని అవతల గొయ్యి.

"పెదనాన్నా, ఇక్కడ నిద్రేంటి?" అంది.

నర్సు కదా. మణికట్టు పట్టుకుని చూసింది. చాలాసేపు వదల్లేదు.

తూము దగ్గర టీ చల్లారిపోయేదాకా గంట కోసం చెవులు పెట్టుకుని కూర్చున్నారు వాళ్ళు. వినపడకపోయేసరికి వెనక్కి వచ్చారు. జ్ఞానానందం క్యారియరు మీది సంచి సరిచేసి, ఆ సైకిలు తనే నడిపించుకుంటూ తెనాలి దాకా అందరికంటే వెనక వచ్చాడు.

ఆఫీసర్లూ, ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఒకటే. ఆ గండి పూడ్చండి. తవ్వుకుపోయిన మట్టి తవ్వినవాళ్ళ చేతనే మోయించి పూడ్పించండి. కట్ట పొడుగునా హద్దురాళ్ళు పాతండి. విచారణ చేస్తాం, చూస్తాం అనొద్దు. ఆ దారిన బడి పిల్లలు పోతున్నారు, కూలికి పోయే ఆడవాళ్ళు పోతున్నారు, ఎవరో ఒకరు వెనకాల వస్తూనే ఉన్నారు. అడ్డం కూర్చోవడానికి ఇంకో బర్నబాస్ లేడు. కొమ్మకు కట్టిన ఆ ఎర్ర గుడ్డ ఒక్కటే ఉందక్కడ, ఉతికే చెయ్యి లేక, రోజురోజుకీ మట్టి రంగుకు తిరుగుతూ.