పిట్ట ముట్టని అన్నం

సిరిసిల్లలో పుట్టి పెరిగిన చెవికి సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వినపడదు, ఆగితేనే వినపడుతుంది. సకల జనుల సమ్మెతో బొగ్గుబావులు మూతబడి, కరెంటు గంటల తరబడి పోతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం కార్ఖానాలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సాంచాలు నడిపే లచ్చయ్య ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అక్కడా చప్పుడు లేదు. సరేలే అనుకుని చెప్పులేసుకుని ఇంటికొచ్చాడు.

"నేను సచ్చిపోయిన," అని భార్య రాజమణితో చెప్పి, ఇంటికి మైల అంటకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. చచ్చినా మర్యాద తప్పని మనిషి.

అతని మనసు గాడి తప్పడం కొత్త కాదు. కరీంనగర్ డాక్టరు రాసిన గోళీలు మింగినన్నాళ్లూ నోరెండినా, కాళ్లు బరువెక్కినా, ఒళ్లు తన ఒళ్లుగానే ఉండేది. ఇప్పుడు గోళీలు అయిపోయాయి. బస్సులు బంద్, తోవ పొడుగునా రాస్తారోకోలు. డాక్టరు దగ్గరికి చేరేదాకా మనిషి ఇంత తిని బతికుంటే చాలు, రాజమణి అంతకుమించి ఏ దేవుణ్నీ అడగలేదు. అతను మాత్రం ముద్ద ముట్టలేదు. చచ్చినవాడు తింటాడా?

లోపల ఏముందో లచ్చయ్యకు తెలుసు. ఏమీ లేదు. గుటక వేస్తే అది ఎక్కడికో జారిపోయేది, అడుగు తగిలేది కాదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు ఎవరో మరిచిపోయి పోయినవిలా ఉండేవి. ఎండ తెలియదు, ఆకలి తెలియదు. బిడ్డ మనీషా వచ్చి భుజం మీద తల వాలిస్తే ఆ బరువూ తెలియలేదు. బాధపడాల్సిన సంగతేనని అర్థమవుతూనే ఉంది, పడడానికే లోపల ఎవరూ లేరు.

రాజమణి బతిమాలింది, తిట్టింది, ముక్కు పట్టుకుని గంజి పోసింది. గంజి గడ్డం మీదుగా కారిపోయింది. పక్క వాడలో ఉండే అతని అక్క నర్సక్క వచ్చి గొల్లుమంది.

"తమ్మీ, నా కోసం ఒక్క బుక్క తినురా!"

"సచ్చినోన్ని గట్ల పిలువద్దక్కా," అన్నాడతను నెమ్మదిగా.

మూడోనాడు రాజమణి, మొగుడు బతికుండగా ఏ ఆడదీ చెయ్యని పని చేసింది. కోడికూర వండి, సీసాలో కల్లు తెప్పించి, పెరట్లో మోదుగాకు విస్తరి వేసి వడ్డించింది. పిట్టముట్టుడు! చనిపోయినవాడికి మూడోనాడు ఇష్టమైనవి పెడతారు. కాకి వచ్చి ముడితే అతను తిన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు, ఇంటివాళ్లు మాటిచ్చి బతిమాలుకోవాలి.

"నీ పాడుగాను, పానమున్నోనికి పిట్టకు పెడుతవానే?" నర్సక్క నోరు కొట్టుకుంది.

"పానమున్నదని నువ్వే జెప్పి తినిపియ్యి వదినా," అంది రాజమణి.

లచ్చయ్యకు మాత్రం హాయనిపించింది. ఇన్నాళ్లకు ఇంట్లో ఒకరు నిజం ఒప్పుకున్నారు. తనూ గోడకు ఆనుకుని కాకి కోసం చూశాడు. రోడ్డు మీద డప్పులతో ఊరేగింపు పోతోంది. జై తెలంగాణ కేకలకు తీగల మీది కాకులన్నీ లేచిపోయాయి, మళ్లీ రాలేదు.

"మనీషను సదివిస్త, ముట్టు. మీ అక్కను అరుసుకుంట, ముట్టు," అంటూనే ఉంది రాజమణి. గొంతు బొంగురుపోయింది.

పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టకూడదు. పాపం, ఎంతసేపని కూర్చుంటుంది? చచ్చింది తనేగదా, తనే ముడితే ఆమెకు విడుదల అనుకుని లచ్చయ్య విస్తరి ముందు కూర్చున్నాడు. ఒక బుక్క నోట్లో పెట్టుకున్నాడు. కారం తెలియలేదు. నమిలి మింగాడు. ఇంకొకటి. నర్సక్క ఊపిరి బిగబట్టింది. రాజమణి నీళ్ల చెంబు ముందుకు జరిపింది, చేతి గాజులు గలగలమన్నాయి.

లచ్చయ్య ఆగిపోయాడు.

"మొగడు సచ్చినదానికి గాజులేంది? నన్ను మోసం జేస్తున్నవా?" చేతిలో ముద్ద విస్తరిలో వదిలేశాడు.

రాజమణి విస్తరి వంక చూసింది. పావు వంతు కూడా కాలేదు. లేచి బట్టలుతికే బండ దగ్గరికి పోయింది. "వద్దే రాజమణీ!" అని నర్సక్క పట్టుకోబోతే విదిలించుకుని, రెండు చేతులూ బండకేసి కొట్టింది. గాజు పెంకులు చెదిరిపడ్డాయి. మణికట్టు చీరుకుపోయి నెత్తురొచ్చింది. అలాగే వచ్చి అతని ఎదుట కూర్చుంది.

"నా మొగడు సచ్చిండు," అంది కళ్లలోకి చూస్తూ. "ఇగ తిను."

లచ్చయ్యకు ఎక్కడో నొప్పి పుట్టింది. ఎక్కడిదా అని ఒళ్లంతా వెతుక్కున్నాడు, చోటు దొరకలేదు. విస్తరి దగ్గరికి లాక్కుని, అన్నమంతా తిన్నాడు.