లాక్ తీయబడును

"పెన్‌డ్రైవ్ లాక్ తీయబడును" అని షాపు బోర్డు మీద రాయించింది నేనే. పదకొండేళ్లలో లాక్ తీయకుండా ఒక్కటి కూడా తిరిగి పంపలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అని నా భార్య తిడుతుంది. తిడితే తిట్టింది గానీ, నిజమే.

ఆ మధ్యాహ్నం ఒక జంట వచ్చారు. ఆయన బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో పాతికేళ్లు మైకులో చెప్పిన గొంతు. ఊళ్లో ఎవర్ని నిద్రలేపి అడిగినా గుర్తుపడతారు. ఇప్పుడా గొంతుకి తెల్లటి కట్టు ఉంది. నెల కిందట ఆపరేషన్ చేశారు, ఇక మాట రాదట.

"ఆపరేషన్‌కి ముందు రెండు రోజులు కూర్చుని మాట్లాడి ఇందులో రికార్డు చేశారండీ," అంటూ ఆవిడ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది. "నన్ను పిలవడం, పిల్లల్ని కేకలేయడం, అన్నీ. ముందర పాత పాటలున్నాయి. అవి తీసేస్తే ఈయన మాటే మొదట వస్తుంది కదా అని చూస్తే, తీయనివ్వట్లేదు. రైట్ ప్రొటెక్టెడ్ అంటోంది."

"ఇంకెక్కడైనా కాపీ ఉందా అమ్మా?"

"లేదండీ. ఇదొక్కటే."

"పావుగంటలో ఇచ్చేస్తా, కూర్చోండి."

ఫైళ్లన్నీ చక్కగా తెరుచుకున్నాయి. చెరపడమే కుదరట్లేదు. సెట్టింగులు మార్చాను, కమాండ్లు కొట్టాను. మొండికేసింది. అప్పుడే నాకు అర్థమైంది. చిప్ చచ్చేముందు తనంతట తానే అలా బిగుసుకుంటుంది. ఉన్నది చూసుకో, ముట్టుకోకు అని. అలాంటప్పుడు ముందు అంతా కాపీ తీసుకోవాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదటి రోజే నేను చెప్పే మాట అది.

కాపీకి నలభై నిమిషాలు చూపించింది. "మీ వల్ల అవుతుందంటారా?" అని ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగింది. నాకు ఒళ్లు మండింది. కాపీ మొదట్లోనే ఆపేసి, చిప్పులు తయారుచేసేవాళ్లు వాడే టూల్ తెరిచాను. దాంతో లాక్ పోతుంది. ఒక్కోసారి లోపలివి మిగులుతాయి కూడా. ఇంతకుముందు రెండుసార్లు మిగిలాయి.

లాక్ పోయింది. తెరిచి చూస్తే ఖాళీ. పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్లు మూడు పెట్టి చూశాను. ఒక్క పాట కూడా దొరకలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత నోటిదాకా వచ్చింది. ఆయన కట్టు చూసి మింగేశాను.

"తప్పు నాదేనమ్మా. కాపీ తీయకుండా చేశాను. అంతా పోయింది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిట్టినా బాగుండేది. ఆవిడ మొగుడి వైపు తిరిగి, ఇంట్లో రోజూ సర్దిచెప్పే గొంతుతో, "పోతే పోయిందిలెండి. ఇంటికెళ్లి మళ్లీ ఒక్కసారి మాట్లాడి..." అంది.

అంతే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన లేచి దగ్గరికొచ్చాడు. పెదాలు కదిలాయి. ఆవిడ పేరే అయ్యుంటుంది.

"ఆఁ, వస్తున్నా," అందావిడ.