ఆరిపోని తెర

సబ్బు చేతికి ఆ ఫోను పలకదు. ఈ సంగతి ఆయాకు తెలుసు. మంచం మీద ఒత్తిగిలి, వీపు అప్పగించి పడుకున్న పెద్దావిడకు కూడా తెలుసు. అయినా తడిగుడ్డ నడుము దాకా వచ్చిందో లేదో, ఫోనులో కథ చదువుతున్న గొంతు మాట మధ్యలో తెగిపోగానే ఆవిడ గోడకేసి చూస్తూనే అంది.

"ఆగిపోయింది."

"చేతులు తడిగా ఉన్నాయమ్మగారూ. ఈ వీపు కాస్తా అయిపోనివ్వండి."

"ఆగిపోయిందంటున్నాను."

ఆయా గుడ్డను బకెట్లోకి విసిరింది. నీళ్ళు చింది గచ్చు తడిసింది. అది తుడవాల్సిందీ తనే. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మంచం చుట్టూ తిరిగి వచ్చి, ఫోను పక్కనున్న మీట నొక్కి, తెరను వేలితో పైకి తోసి, మధ్యలో ఉన్న బొమ్మ మీద నొక్కింది. గొంతు మళ్ళీ మొదలైంది.

"కొంచెం వెనక్కి జరుపు," అంది పెద్దావిడ. ఆయా పళ్ళు నూరుకుంటూ జరిపింది.

రోజూ ఉండే భాగోతమే ఇది. తెర వెలుగుతున్నంతసేపే ఆ ఫోను కథ వినిపిస్తుంది. ఎవరూ ముట్టుకోకపోతే గుక్క తిప్పుకునేలోపు తెర మసకబారుతుంది, ఆ వెంటనే ఆరిపోతుంది, దానితోపాటు గొంతూ మూగబోతుంది. మసకబారినప్పుడే వేలు తగిలిస్తే బతికిపోతుంది. అందుకని పొయ్యి మీద పాలు పెట్టి ఒక పరుగు, దుప్పటి నానబెట్టి ఒక పరుగు, చీపురు సగం గదిలో వదిలేసి ఒక పరుగు. కథలోని పిల్ల మొగుడి మీద అలిగి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టి వారమైంది. ఆగినప్పుడల్లా వెనక్కి జరపడమే గనుక, ఆ పిల్ల సర్దిన బట్టలనే తీసి మళ్ళీ సర్దుతోంది. ఆ పెట్టెను ఎత్తి వీధిలో పారేసి రావాలని ఆయాకు ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు.

పెద్దావిడకు ఎడమ పక్క పడిపోయింది గానీ కుడి చెయ్యి నిక్షేపంగా ఉంది. చెంచా పట్టుకుంటుంది, దుప్పటి లాక్కుంటుంది, వేలు చూపించి తిడుతుంది. మరి ఆ వేలితో తెరను ముట్టుకోవచ్చుగా అని ఆయా మొదట్లోనే అడిగింది. ఆవిడ చూపుడువేలితో తెర మీద టకటకా కొట్టి చూపించింది. ఏమీ కాలేదు. "ముసలి వేళ్ళు, ఎండిపోయాయి. దీనికి ఆనవు," అంది. ఆయా పాపం అనుకుంది. అలా అనుకున్నందుకు తనను తను ఇంకా తిట్టుకోవాల్సి ఉంది.

ఒకరు పిలవడం, తను లేవడం. ఆయా బతుకంతా అదే. పుట్టింట్లో ఆరుగురిలో పెద్దది. విస్తట్లో చెయ్యి పెట్టగానే ఏదో ఒక పసివాడు ఏడ్చేవాడు. అత్తగారింట్లో మంచాన పడ్డ అత్త చేతికర్రతో గోడ మీద కొట్టేది. మొగుడు లారీ దిగి వీధి మలుపు తిరుగుతూనే నీళ్ళు తెమ్మని కేకేసేవాడు. ఎవరు పిలిచినా "వస్తున్నా" అనడం నోటికి ఎంత అలవాటైందంటే మరిది పిల్లలు ఆమెను 'వస్తున్నా పెద్దమ్మ' అనేవారు. ఎదుటే అనేవారు, ఆమె నవ్వేది కూడా. ఆ నవ్విన రోజులు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. కాళ్ళ మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగాయి. కూర్చుని, మధ్యలో లేవకుండా, చల్లారిపోకుండా ఒక్క పూట అన్నం తినాలి. ఇంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగదలుచుకోలేదు.

ఆ పొద్దున ఒళ్ళు తుడవడం అయ్యాక ఫోనుకు ఛార్జరు తీగ సరిగా ఆనలేదు. కదిపితే ఎక్కుతోంది, వదిలితే పోతోంది. పెద్దావిడకు మాత్రలు కూడా తేవాలి. ఎదురింటావిడను కాసేపు కూర్చోబెట్టి, ఆయా ఫోను పట్టుకుని వీధి చివరి దుకాణానికి వెళ్ళింది. అల్మారా అంత దుకాణం. అందులో ఒక దీపం, ఒక భూతద్దం, వాటి వెనక బాగుచేసేవాడు. వాడు సూదితో ఫోను అడుగునున్న రంధ్రంలోంచి దూది పోగులు లాగుతుంటే ఆమె ఊరికే నిలబడలేక గోడు వెళ్ళబోసుకుంది.

"మాటిమాటికీ ఆరిపోతోందయ్యా. ముట్టుకుంటూ కూర్చోలేక చస్తున్నాను. దీనికేమైనా జబ్బా?"

వాడు ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి చూశాడు. ఒక తలుపు తీసి ఇంకో గదిలోకి, అందులోంచి ఇంకో గదిలోకి వెళ్తున్నట్టు తెర మీద పేజీలు మారాయి.

"జబ్బేం లేదు పిన్నీ. అతి తక్కువ టైముకి పెట్టారు ఎవరో. కథలు చదివే ఈ దాంట్లో కూడా 'తెర ఆరకుండా ఉంచు' అని ఒకటుంటుంది, అదీ తీసేశారు. దానంతటది ఇలా అవ్వదు. పనిగట్టుకుని వెతికి చేసిందే."

"ఎవరు చేస్తారయ్యా? ఇది ముట్టుకునేది నేనూ ఆ పెద్దావిడా. ఆవిడ వేళ్ళు దీనికి ఆనవు."

"ఎందుకానవు? గోటితో కొట్టుంటారు. గోటికి ఏ ఫోనూ పలకదు. వేలి మెత్తన తగిలితే చాలు." వాడు రెండుచోట్ల వేలు ఆనించి ఫోను తిరిగిచ్చాడు. "ఇక ఆరదు. కాకపోతే బ్యాటరీ ఊరికే దిగిపోతుంది, ఛార్జరుకి తగిలించే ఉంచు."

రెండు వేళ్ళ పని! ఇన్ని నెలలుగా తన మోకాళ్ళు అరిగిపోయింది ఇంతోటి దానికా అనుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా అనుమానం తీరక, దుకాణం మెట్టు మీదే నిలబడి తన ఫోను నుంచి వేరే ఊళ్ళో ఉంటున్న పెద్దావిడ కూతురికి చేసింది.

"అదేంటి? నేను ఆరిపోకుండా పెట్టే వచ్చాను కదా," అంది కూతురు. "ఎలా పెట్టాలో, ఎలా తియ్యాలో అమ్మకి కూడా చూపించాను. అప్పుడు తనే చేసి చూపించింది నాకు. బాగానే నేర్చుకుంది."

ఆయా లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కి వచ్చేసరికి ఊపిరి ఆడలేదు. ఎదురింటావిడ వెళ్ళేదాకా ఓపిక పట్టింది. తలుపు మూసి మంచం దగ్గరికి వచ్చింది.

"మీ వేలు ఆనదన్నారు."

పెద్దావిడ ఫోను వైపు చూసింది, ఆమె మొహం వైపు చూసింది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. ఎవరి మాట ఎవరితో కలపాలో, ఎక్కడ తుంచాలో తెలిసిన మనిషి. ఎదుటివాళ్ళకు ఎంతవరకు తెలిసిపోయిందో ఇట్టే పట్టేసింది.

"నా ఫోను. నా ఇష్టం," అంది.

"మీ ఇష్టమే. కాళ్ళు మాత్రం నావి. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఎన్నిసార్లు లేచానో మీకు కనబడలేదా? కుక్కనైనా తినేటప్పుడు పిలవరు కదమ్మగారూ!"

పెద్దావిడ కాసేపు దుప్పటి అంచు నలిపింది. ఆ మీదట పలికిన మాట కూడా తిట్టినట్టే పలికింది.

"అది ఆగకపోతే నువ్వు ఈ గదిలోకి వస్తావా?"

"పనుంటే వస్తాను."

"అదే చెప్తున్నాను."

ఆ మాటకు ఆయా మనసు కరగలేదు. కరగాలని ఎవరైనా అనుకుంటే వాళ్ళు వచ్చి ఆ నీలం నరాలతో ఒక్కరోజు నిలబడి చూడాలి. పక్కన కూర్చోమని నోరు తెరిచి అడగడానికి నామోషీ, కానీ మనిషిని బొంగరంలా తిప్పడానికి లేదు! "అడిగితే మీ సొమ్మేం పోయేది?" అంది. పెద్దావిడ మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

ఆయా ఫోనును రోజూ పెట్టే చోట, దిండు పక్కన పెట్టలేదు. గది అవతల కిటికీ గట్టు మీద, ఛార్జరు తగిలించి పెట్టింది. అక్కడైతే తీగ అందుతుంది, పెద్దావిడ చెయ్యి అందదు. రెండోదే అసలు కారణమని ఆమెకు తెలుసు, అందుకేం సిగ్గుపడలేదు. అంత దూరం నుంచి మంచానికి వినపడాలి కదా అని గొంతు పూర్తిగా పెంచింది. కథ చదివే ఆవిడ ఇల్లు అదిరేలా అందుకుంది.

"వినండి. తనివితీరా వినండి. ఇక ఆగదు," అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం జావ తీసుకొస్తే పెద్దావిడ నోరు తెరవలేదు. చెంచా పెదవుల దాకా తీసుకెళ్తే తల పక్కకు తిప్పేసింది. "అలిగారా? ఆకలేస్తే మీరే అడుగుతారు," అని ఆయా గిన్నె తీసుకుని వచ్చేసింది. అలగడానికి అందరికీ తీరిక ఉంటుంది, తనకు తప్ప.

ఆ తర్వాత ఆమె అన్నం వడ్డించుకుంది. పొయ్యి మీంచి దింపిన అన్నం, ఆవిరి మొహానికి కొడుతోంది. నేల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. మొదటి ముద్దకు అలవాటు కొద్దీ చెవులు గది వైపు పోయాయి. లోపల గొంతు ధారగా చదువుకుపోతోంది. రెండో ముద్ద, మూడో ముద్ద. ఎవరూ పిలవలేదు. కూర మళ్ళీ వేసుకుంది. నాలుక కాలింది, కాలితే కాలనిమ్మంది. వేలికి అంటిన మెతుకు కూడా నిదానంగా తిని, కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చుంది. చేతికి అంటింది ఎండిపోయేదాకా కూర్చోవడం ఆమెకు ఊహ తెలిశాక అదే మొదలు. కోపం పోలేదు. కడుపు నిండిన కోపం ఇంకా గట్టిగా ఉంది. ఇన్నేళ్ళూ ఇది ఇంత తేలికని ఎవరూ చెప్పలేదేమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడకు చేరగిలబడింది. కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పక్క గోడకు మారింది. గొంతు చదువుతూనే ఉంది. పెద్దావిడను పక్క తిప్పే వేళ దాటిపోయింది. ఆయా గబగబా లేచి గదిలోకి వెళ్ళింది.

పెద్దావిడ గోడ వైపు లేదు. గుమ్మం వైపు తిరిగి ఉంది. కుడి చెయ్యి మంచం అంచు దాటి కిందికి వేలాడుతోంది. ఆయా ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకోగానే తెలిసింది. ఇంతకుముందు అత్తను, మొగుణ్ణి పట్టుకున్న చేతులే అవి.

"అమ్మగారూ," అంది. కథ చదివే గొంతు ఆ పిలుపును మింగేసింది. తన చెవికే తను పిలిచింది సరిగా ఆనలేదు. ఆమె అక్కడే, చెయ్యి వదలకుండా నిలబడిపోయింది.

ఎదురింటావిడ ఫోన్లు చేస్తే డాక్టరు వచ్చి వెళ్ళాడు. పొద్దువాలే వేళకు కూతురు వచ్చింది. వస్తూనే కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను పక్క మీట ఒక్కసారి నొక్కింది. గొంతు ఆగిపోయింది. అప్పటిదాకా ఆ పని చెయ్యాలని ఆయాకు తోచనే లేదు. అది ఆగితే ఎవరో "ఆగిపోయింది" అంటారని ఆమె చెవులు కాచుకున్నాయి. ఎవరూ అనలేదు.

"అమ్మ పిలవలేదా?" అని అడిగింది కూతురు.

"పిలిస్తే వినపడేది కాదమ్మా. అది ఆగకుండా నేనే పెట్టించాను. అందకుండా కూడా నేనే పెట్టాను."

కూతురికి ఆ మాటల్లో ఏ కోపం ఉందో, అది ఎవరి మీదో అర్థం కాలేదు. ఆయా భుజం మీద చెయ్యి వేసింది. "నీ తప్పేం లేదు. నిద్రలోనే పోయింది. డాక్టరు కూడా అదే అన్నాడు. తనకేం తెలిసి ఉండదు," అంది. అంటూ ఏడ్చింది. ఆయా ఊకొట్టింది. నిద్రలోనే పోయింది. ఆ మాటను గట్టిగా పట్టుకోవాలని చూసింది.

తీసుకెళ్ళే బండి వచ్చింది. నలుగురు మనుషులు స్ట్రెచరు ఎత్తి, గుమ్మం దగ్గర ఒక పక్కకు ఒంచి, జాగ్రత్తగా బయటికి దాటించారు. కూతురు వాళ్ళ వెంట దిగింది. ఇంట్లో ఆయా ఒక్కతే మిగిలింది. పక్క తీసి దుప్పట్లు మూట కట్టింది. తన సంచి సర్దుకుంది. ఇక ఈ ఇంట్లో చెయ్యాల్సిన పని లేదు. గదిలో మళ్ళీ ఒకసారి దీపం వేసింది. అప్పుడు కనబడింది.

పెద్దావిడ దిండు కింద పెట్టుకునే కళ్ళజోడు ఒర. నల్లటి మెత్తని గుడ్డతో కుట్టినది. మంచానికి అంత దూరంలో, గుమ్మం దగ్గర పడి ఉంది. పొద్దున అక్కడ ఊడ్చింది తనే, తుడిచింది తనే. జావ గిన్నె పట్టుకుని దాటినప్పుడు కూడా అక్కడ ఏమీ లేదు. సాయంత్రం అంతమంది దాని పక్కనుంచే నడిచారు. దానంతటది అంత దూరం దొర్లి రాదు.

ఆయా ఖాళీ మంచం వైపు తిరిగింది.

"ఇదా విసరడం?" అని అరిచింది. "గుడ్డ ముక్కా? ఇది పడితే చప్పుడవుతుందా? చప్పుడయ్యేది ఏదైనా విసరొద్దా!"

అరిచిన అరుపు వట్టి గదిలో తిరిగి తనకే వినపడింది. వంగి దాన్ని తియ్యడానికి నడుము సహకరించింది గానీ చెయ్యి సహకరించలేదు. కింద కూతురు పిలుస్తోంది, తలుపు తాళం వేసి రమ్మని. ఆయా బదులు పలకలేదు. దీపం ఆర్పి, సంచి తీసుకుని, ఒర మీద కాలు పడకుండా గుమ్మం దాటి బయటికి వచ్చింది.

నల్ల గుడ్డ ఒర అక్కడే ఉంది, గుమ్మానికి జానెడు లోపల, వంటింటి వైపు తిరిగి.