ఎర్రగీత పడని బిలం

తప్పు గీత గీయడం నా చేతికి అలవాటు లేదు. చల్లపల్లిలో మగ్గం నేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఒక్క పోగు తప్పినా మా నాన్న జానెడు నేత విప్పించేవాడు. అలాంటి నేను డెబ్భై అయిదు మే నెలలో, తెలిసి తెలిసి, ఒక గీత గీయకుండా వదిలేశాను.

అడవి జీవాలు బతికే చోట్లను కాపాడాలని అప్పట్లో ఓ పథకం వచ్చింది. మైలవరం అవతలి కొండల్లో వాగులనూ గుహలనూ పటంలోకి ఎక్కించే పని గవర్నర్‌పేటలోని మా సర్వే ఆఫీసుకు, అక్కణ్ణుంచి నా నెత్తి మీదికి వచ్చింది. నడివేసవిలోనూ నీరున్న వాగుకు నీలిగీత, ఎండినదానికి చుక్కలగీత. గుహలో జీవాలుంటే చుట్టూ ఎర్రగీత, లేకపోతే ‘ఖాళీ’ అని రాయాలి. ఎర్రగీత దాటి మనిషన్నవాడు లోపలికి పోకూడదు.

కొలత గొలుసు పట్టే లాజరుది ఆ కొండల కింద పల్లే. పన్నెండు ఇళ్లు, ఓ చిన్న చర్చి. కొండ మీది గబ్బిలాల బిలం గురించి దారి పొడుగునా చెప్పాడు. వేసవిలో బావి ఎండిపోతే ఆ పన్నెండు ఇళ్లకూ బిలంలోని ఊటనీరే దిక్కట. బిందె నింపుకునేంతసేపూ ఆడవాళ్లు ఒక్క మాట మాట్లాడరట. గబ్బిలాలు బెదిరి పోతే ఊట కూడా పోతుందని వాళ్ల నమ్మకం.

‘‘పొద్దు గుంకేసరికి వేలకి వేలు బయటికొస్తయ్యండీ. లెక్కెట్టలేరు,’’ అన్నాడు.

పొద్దు గుంకింది. బిలం ఎదురుగా పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఒక్కటి కూడా బయటికి రాలేదు. లాజరు నా మొహం వంక చూడటం మానేశాడు. నాకెందుకో భయం వేసింది.

టార్చి వేసుకుని లోపలికి వెళ్లాను. మిరపకాయల పొగ గొంతు పట్టేసింది. నేల మీద బూడిద ఇంకా వెచ్చగా ఉంది. ఓ మూల ఆకులు కప్పిన కుప్ప. కాలితో కదిపితే చచ్చిన గబ్బిలాలు. పైన రాయి బోసిగా ఉంది. రాతిగుంటలో నీటిచుక్కలు పడుతున్న చప్పుడొక్కటే.

‘‘చూశారుగా బాబూ, ఏం లేవు. ఖాళీ అని రాసుకోండి.’’

ఉలిక్కిపడ్డాను. లాజరు పెద్దమ్మ సంపూర్ణమ్మ, బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. మాట్లాడకూడని చోట గట్టిగా మాట్లాడుతోంది.

‘‘మీరే పొగబెట్టారా?’’

‘‘ఇంకేం చెయ్యమంటారండీ? ఎర్రగీత గీస్తే మమ్మల్ని లోపలికి రానివ్వరంటగా. మా పిల్లలేం తాగాలి?’’

ఎర్రగీత సంగతి వాళ్లకు చెప్పింది లాజరేనని అడక్కుండానే తెలిసింది. గబ్బిలాలను తరిమేశారనీ, మళ్లీ వస్తాయనీ, ఈ నీళ్లు మనుషులకు కూడా కావాలనీ రాయాలి. నా ఫారంలో దానికి గడి లేదు. ‘ఖాళీ’ అని రాసి సంతకం పెట్టాను. ఏదో పుణ్యం చేశానని మురిసిపోయాను కూడా. నా అంత మూర్ఖుడు ఇంకొకడు ఉండడు.

మరుసటి మార్చిలో మా ఆఫీసరు అంకమ్మరావు గారి బల్ల మీద నా పటం కనిపించింది. ఖాళీలన్నిటి పక్కనా పెన్సిలు టిక్కులు ఉన్నాయి.

‘‘ఏమిటండీ ఇవి?’’

‘‘రాతి క్వారీలకిచ్చినవయ్యా. ఎర్రగీతల జోలికి ఎటూ పోకూడదు. నువ్వు శుభ్రంగా తేల్చి రాశావు, మా పని సులువైపోయింది.’’

‘‘ఆ ఒక్కటీ ఖాళీ కాదండీ. నేనే అబద్ధం రాశాను.’’

ఆయన నవ్వేశారు. ‘‘ఉద్యోగం మీద విసుగు పుట్టిందేంటి? రేపే ఆ కొండకి పేలుడు మందు పెడుతున్నారు. వెళ్లి టీ తాగు.’’

తెల్లారి మొదటి బస్సుకే లాజరూ నేనూ వెళ్లాం. బిలం పైన కొండంతా మందు కూరిన బెజ్జాలు ఉన్నాయి. ఎర్రజెండాలు పాతుతున్నారు. ఆపమని లాజరు అటు పరిగెత్తాడు, నేను బిలంలోకి పరిగెత్తాను.

సంపూర్ణమ్మ నీళ్లు పడుతోంది. నన్ను చూడగానే పెదాల మీద వేలు పెట్టి, పైకి చూపించింది. రాతిసందులో అయిదారు గబ్బిలాలు వేలాడుతున్నాయి.

‘‘వచ్చేశాయి బాబూ,’’ అంది గుసగుసగా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘‘మెల్లిగా మాట్లాడండి. బెదురుతయ్యి.’’

బయట పేల్చబోతున్నట్టు ఈల వేశారు. లాజరు మాట ఎవరూ విన్నట్టు లేదు.

గొంతు చించుకుని అరిచాను. గబ్బిలాలు మా తలల మీదుగా వెలుగులోకి ఎగిరిపోయాయి. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. బిందె లోపలే ఉండిపోయింది. కాళ్ల కింద కొండ ఒక్కసారి అదిరింది.

దుమ్ము అణిగాక, వద్దంటున్నా వినకుండా ఆమె లోపలికి వెళ్లింది. వెనకే వెళ్లాను. బిందె నిటారుగానే ఉంది. పైరాయి అడ్డంగా చీలింది. చెవులు రిక్కించి చాలాసేపు నిలబడ్డాం. చుక్క పడిన చప్పుడు లేదు.

నా తప్పేనని చెప్పబోయాను.

‘‘మీరేం చేస్తారు బాబూ,’’ అంది సంపూర్ణమ్మ. ‘‘మేం రాయమన్నదే రాశారు.’’

ఈసారి ఆమె గట్టిగానే మాట్లాడింది.