బెంచీ చివర

…ఆ ఖాళీని ఎవరూ కొలవరు, అయినా ప్రతిసారీ అంతే ఉంటుంది, ముగ్గురు పిల్లలు ఇరుక్కుని కూర్చునేంత, బెంచీకి ఈ చివర జట్టంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టు ఉమ్ముతూ ఉంటుంది, ఆ చివర కోల్బీ ఒక్కడే, వాడి వైపు ఎవరూ చూడరు, చూసినా చూడనట్టే, వాడి నీళ్ళ సీసా దొర్లి వస్తే కాలితో నెమ్మదిగా వెనక్కి నెడతారు తప్ప ఇదిగోరా అని ఇవ్వరు, ఎందుకంటే ఆరు ఇన్నింగ్స్ బేస్‌బాల్ ఆటలో ఐదోది వచ్చేసింది, పక్క ఊరి కుర్రాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు వాడు విసిరిన బంతిని కొట్టి బేస్ చేరలేదు, అలాంటి ఆటకి ఒక పేరుంది, ఆట ముగిసేదాకా ఆ పేరు ఎవరూ నోటితో అనకూడదు, విసిరేవాడితో మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు, కూర్చుంటే దిష్టి తగిలినట్టే, తర్వాతి బంతినే ఎవడో ఒకడు కొట్టిపారేస్తాడు, ఇది కోచ్ లూమీర్ కుచెరా కనిపెట్టింది కాదు, వాళ్ళ నాన్న ఆడే రోజుల్లోనూ ఉంది, నెబ్రాస్కాలో ఏ ఊరి మైదానానికి వెళ్ళినా ఉంటుంది, కానీ ఈ ఊళ్ళో పిల్లల చేత దీన్ని మడి కట్టుకున్నంత నిష్ఠగా పాటింపజేసింది మాత్రం తనే, ఒకసారి కొత్తగా వచ్చిన పిల్లవాడు నోరు జారి ఆ మాట అనేస్తే మిగతావాళ్ళు వాణ్ణి ఆట అయ్యేదాకా నీళ్ళ కుండీ వెనక నిలబెట్టారు, తను చూసి నవ్వుకున్నాడు, బాగా నేర్చుకున్నారు వెధవలు అని మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు నవ్వు రావడం లేదు, కోల్బీ సీసా మూత ఎడమ చేత్తో తీశాడు, సీసాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మరీ తీశాడు, కుడి చెయ్యి ఒళ్ళో పడుంది, అరువు తెచ్చుకున్న వస్తువులాగా, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు, లేదులే, కుర్రాడు చెయ్యికి విశ్రాంతి ఇస్తున్నాడేమో, తనే కదా చెప్పాడు విసిరే చెయ్యిని ఊరికే వాడొద్దని, తలుపు కూడా ఆ చేత్తో తియ్యొద్దురా అని, చెప్పాడు, నిజమే, అయినా మోకాళ్ళ మధ్య ఇరికించుకోవడం, లూమీర్ కంచె వైపు తిరిగాడు, కంచె అవతల మడత కుర్చీలో కూర్చుని విసిరిన బంతులు లెక్కపెట్టే జోలీన్ అతని చూపు చూడగానే బొటనవేలు ఎత్తింది, ఇంకా బోలెడున్నాయి కోచ్, ఆట అయ్యేదాకా సరిపోతాయి, ఏం బెంగ పెట్టుకోకు అంది, ఇప్పుడు ఇదొకటి వచ్చింది, పన్నెండేళ్ళవాడు రోజుకి ఇన్నే విసరాలని రూలు, రూలు ప్రకారం అంతా సవ్యంగానే ఉంది, ఎవరూ వేలెత్తి చూపలేరు, మధ్య మైదానం చివర కంచెకి కట్టిన పెద్ద బోర్డు మీద నీలం గుడ్డ కప్పి ఉంచారు, గాలికి గుడ్డ కాస్త లేచి కింది అంచున అక్షరాల కాళ్ళు కనిపిస్తున్నాయి, ఆట అవగానే మేయరు వచ్చి ఆ గుడ్డ లాగుతాడు, ఇకనుంచి ఇది కుచెరా మైదానం, ఈ సీజన్‌తో తను దిగిపోతున్నాడు, ఇవాళ గెలిస్తే రాష్ట్ర పోటీలకి వెళ్ళి దిగుతాడు, ఓడితే ఈ సాయంత్రమే ఆఖరు, గెలవాలని ఉంది, ఈ వయసులో కూడా ఇంత సిగ్గులేకుండా గెలవాలని ఉంది, ఇప్పటిదాకా గెలిచినవి చాలవూ అని భార్య అర్లీన్ పొద్దున కోలాచీలు, అవే పండ్ల గుజ్జు పెట్టిన బన్నులు, ఓవెన్‌లోంచి తీస్తూ దెప్పింది, చాలవు, అదేమిటో చాలవు.

మనవాళ్ళ బ్యాటింగ్ నడుస్తోంది, మూడో బేస్ దగ్గర నిలబడి సైగలు చేసే పని మోకాళ్ళు అరిగాక ఎవరో పిల్లవాడి తండ్రికి అప్పగించాడు, అందుకే ఇలా బెంచీ దగ్గర నిలబడి చూడాల్సి వస్తోంది, అక్కడుంటే ఈ సీసా గొడవ కంటపడేది కాదు, అప్పుడే ఒకడు అవుటై హెల్మెట్ విసిరికొట్టాడు, ఇంకో ఇద్దరు అవుటైతే కోల్బీ మళ్ళీ లేచి వెళ్ళి విసరాలి, అంతలోపు ఏదో ఒకటి అనుకోవాలి, అనుకోవడానికి ఏముంది, వాణ్ణి అడగకూడదు, రూలు, ఆ రూలు ఎంత హాయిగా ఉందో ఆ రోజు కూడా, ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది, ఇదే బెంచీ, అప్పుడు దీనికి రంగు లేదు, ఆ చివర డ్వేన్, ఈ కోల్బీగాడి తండ్రి, అప్పటికి వాడికీ పన్నెండే, చెవులు దొప్పల్లా ఉండేవి, వాడూ ఇలాగే ఒక్కణ్ణీ కొట్టనివ్వలేదు, బెంచీ మీదికి వచ్చినప్పుడల్లా కుడి చెయ్యి విదిలించేవాడు, వేళ్ళు తెరిచి మూసి తెరిచి చూసుకునేవాడు, ఒకసారి తలెత్తి ఇటు చూశాడు, తను కూడా వాణ్ణే చూస్తున్నాడు, ఇద్దరి చూపులూ కలిశాయి, తనేమో టోపీ సర్దుకుని మైదానం వైపు తిరిగాడు, మాట్లాడకూడదు కదా మరి, ఆటలో అది మహాపాపం కదా, కౌంటీ కప్పు మొదటిసారి ఈ ఊరికి వచ్చింది ఆ రోజే, డ్వేన్‌ని భుజాల మీద ఊరేగించారు, చర్చి హాల్లో విందు పెట్టారు, మరుసటి వసంతంలో వాడి మోచెయ్యి చాపితే సాగడం లేదని లింకన్ పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, కోశారు, కుట్టారు, అదింక సాగలేదు, ఇప్పటికీ సాగదు, వాడు ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తాడు, తల ఎడమ చేత్తో దువ్వుకుంటాడు, చర్చిలో ఎవరైనా కరచాలనానికి చెయ్యి చాపితే ఆ వంకర చెయ్యే ముందుకు పెట్టి దగ్గరికి జరుగుతాడు, ఎవరూ ఏమీ అనుకోరు, అలవాటైపోయింది, అందరికంటే ముందు లూమీర్‌కే అలవాటైపోయింది.

అసలు వాడు ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది, ఒక్కసారి నా చెయ్యి పోగొట్టావు ముసలాడా అని ఉంటే పడుండేవాడు, ఏదో ఒకటి తేలిపోయేది, వాడు తిట్టడు సరికదా ప్రతి ఏప్రిల్లో సొంత ట్రాక్టరు తెచ్చి మైదానం గడ్డి కోస్తాడు, కోచ్ ఇది తీసుకోండి కోచ్ అది తీసుకోండి అంటూ కాఫీ తెచ్చిస్తాడు, నా జీవితంలో అంత మంచి రోజు మళ్ళీ రాలేదు కోచ్ అంటాడు, ఆ మాట వచ్చినప్పుడల్లా లూమీర్ కాఫీలోకి చూపు దించుకుంటాడు, అర్లీన్ ఒక్కతే అప్పట్లో అంది, ఆ పిల్లవాడి చెయ్యి సంగతి చూడవయ్యా అని, ఆట మధ్యలో కోలాచీలు అమ్మే కిటికీ వదిలేసి వచ్చి మరీ చెప్పింది, మాట్లాడకూడదే అంటే, ఒక్క మాట అడిగితే నీ నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా అంది, తను వినలేదు, నీకు ఆట తెలియదు పో అన్నాడు, ఆమె పోయింది, ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఎత్తకపోవడమే ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక మూల అలా కూర్చుని ఉంది, రెండో అవుట్, ఎప్పుడు పడింది రెండో అవుట్, పిల్లలు అవుటై వచ్చినవాడి వీపు తడుతున్నారు, కోల్బీ లేవడానికి సిద్ధపడుతున్నట్టు ముందుకు వంగాడు, వంగి ఎడమ చేత్తో కుడి మోచెయ్యి లోపలి వైపు పట్టుకున్నాడు, పళ్ళు బిగించాడు, ఎవరూ చూడలేదు, చూడకూడదు కనక ఎవరూ చూడలేదు, తను చూశాడు, మళ్ళీ చూశాడు, కోల్బీ తలెత్తి ఇటే చూస్తున్నాడు.

టోపీ మీదికి చెయ్యి వెళ్ళింది, సర్దుకోవడానికే వెళ్ళింది, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఛీ, అనుకున్నాడు లూమీర్, మోకాళ్ళు కలుక్కుమంటుండగా బెంచీ వెంట నడిచాడు, గింజలు కొరకడం ఆగిపోయింది, కోచ్, కోచ్, అని ఎవడో గుసగుసగా అరిచాడు, అటు కాదు కోచ్ అని క్యాచర్ కుర్రాడు చొక్కా పట్టుకోబోయాడు, ఆ ఖాళీలోకి వెళ్ళి కోల్బీ పక్కన కూలబడ్డాడు, పిల్లవాడు దెయ్యాన్ని చూసినట్టు చూశాడు, నాతో మాట్లాడకూడదు కదా కోచ్ అన్నాడు, తెలుసులేరా, చెయ్యి నొప్పెడుతోందా, లేదు కోచ్, అబద్ధం ఆడకు నాన్నా, ఏదీ చాపు, చాపలేకపోయాడు, సగంలో ఆగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎప్పట్నుంచి, రెండో ఇన్నింగ్స్ నుంచి, మరి చెప్పవేంరా, అంటే వాడు ముక్కు ఎగబీల్చి, అదేంటి కోచ్, మీరే కదా చెప్పేది, మా నాన్న కూడా చెప్పలేదు కదా, చెయ్యి ఊడిపోతున్నా కిక్కురుమనకుండా విసిరాడు, అలాంటి దమ్మున్నవాణ్ణి ఈ ఊరు మళ్ళీ చూడలేదు అని మీరే కదా అంటారు, అన్నాడు.

అంటాడు, ప్రతి వసంతంలో మొదటిరోజు పిల్లలందరినీ గడ్డి మీద కూర్చోబెట్టి ఆ కథే చెబుతాడు, ఎన్ని జట్లకి చెప్పాడో, డ్వేన్ గడ్డి కోసే ట్రాక్టరు ఆపి అక్కడే నిలబడి వింటూ ఉంటాడు, చెవులు ఎర్రబడతాయి, అది డ్వేన్‌కి తను ఇచ్చుకుంటున్న గౌరవం అనుకున్నాడు, చెయ్యి తిరిగి ఇవ్వలేడు కనక పేరైనా ఇస్తున్నా అనుకున్నాడు, ఈ కుర్రాడు ఆ గడ్డి మీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నాడన్నమాట, విని అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాడన్నమాట, ఎంతమంది విన్నారో, ఎంతమంది ఇంటికి వెళ్ళి దిండు కింద చెయ్యి పెట్టుకుని ఏడ్చి పొద్దున్నే మళ్ళీ వచ్చారో, మూడో అవుట్ పడింది, చేతి తొడుగులు తీసుకుని పిల్లలు బయటికి పరుగెత్తుతున్నారు, లూమీర్ కోల్బీ భుజం మీద చెయ్యి వేసి లేవనివ్వలేదు, జట్టులో బంతి విసరగల ఇంకో కుర్రాడు టకర్‌ని పిలిచి బంతి వాడి చేతిలో పెట్టాడు, టకర్ మొహం పాలిపోయింది, అంపైర్‌కి మార్పు సంగతి చెప్పి వస్తుంటే కూర్చున్న జనంలోంచి ఒక్కసారి ఊళ వేసినట్టు గొడవ లేచింది, ముసలాడికి మతిపోయింది అని ఎవరో అన్నారు, ఎవరో తెలిసిన గొంతే, టకర్ రెండో బంతినే అవతలి కుర్రాడు ఎడమ పక్కకి గట్టిగా కొట్టి బేస్ మీద నిలబడ్డాడు, పోయింది, ఆ పేరు ఇక ఎవరైనా గట్టిగా అనొచ్చు.

డ్వేన్ జనంలోంచి దిగి కంచె దగ్గరికి వచ్చాడు, వంకర చెయ్యి కంచె తీగలో తగిలించుకుని నిలబడ్డాడు, వాణ్ణెందుకు తీసేశారు కోచ్, బాగానే విసురుతున్నాడు కదా, ఇంకొక్క ఇన్నింగ్సే కదా, అన్నాడు, గొంతులో కోపం లేదు, కంగారుంది, చెయ్యి నొప్పెడుతోందిట, రెండో ఇన్నింగ్స్ నుంచీ, అన్నాడు లూమీర్, వాడే చెప్పాడా, లేదు, నేనే అడిగాను, డ్వేన్ బెంచీ చివర ఐసు సంచీ మోచేతికి అదుముకుని కూర్చున్న కొడుకు వైపు చూశాడు, అర్లీన్ అప్పటికే కిటికీ వదిలేసి వచ్చి వాడి పక్కన కూర్చుంది, మైదానంలో ఇంకొకడు కొట్టాడు, పరుగు వచ్చింది, పక్క ఊరివాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, లూమీర్ వెనక్కి తిరిగి చూడలేదు, డ్వేన్ మొహమే చూస్తున్నాడు, వాడి నోట్లోంచి ఏ మాట వచ్చినా పడడానికి సిద్ధంగా, అప్పుడు డ్వేన్ అన్నాడు, ఆ రోజు నేను చెయ్యి విదిలించుకుంటుంటే మీరు నన్ను చూశారు కదా కోచ్, నేనూ మిమ్మల్ని చూశా, కోచ్ చూస్తూనే ఉన్నాడుగా, మరీ ఆపాల్సినంతది అయితే ఆయనే ఆపుతాడులే అనుకున్నా, అందుకే నేనేం చెప్పలా, ఎప్పటిదో చిన్ననాటి సంగతి చెబుతున్నట్టే చెప్పాడు, చెప్పి చెయ్యి కంచెలోంచి తీసుకుని కొడుకు దగ్గరికి వెళ్ళాడు, లూమీర్ అక్కడే నిలబడిపోయాడు, దమ్ము అన్నాడు ఇన్నేళ్ళూ, గుండె ధైర్యం అన్నాడు, మొండితనం అన్నాడు, గడ్డి మీద కూర్చున్న ప్రతి పిల్లవాడికీ అదే చెప్పాడు, డ్వేన్‌కి ఆ రోజు అవేవీ లేవు, పన్నెండేళ్ళవాడు, నొప్పి పుట్టింది, భయం వేసింది, తలెత్తి చూస్తే కోచ్ తన వైపే చూస్తూ కనిపించాడు, ఇంకేం ఫరవాలేదనుకున్నాడు, ఆ పిల్లవాడు తనని నమ్మి ఊరుకున్నాడు.