నాలుగో వైపు

"దడి కట్టుకుని, ఆ లోపల కూర్చుని ఏం చేస్తావు?" అనడిగాడు త్రినాథ్, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ.

"ఏమీ చెయ్యను" అంది దుర్గ.

కలిపే చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయి పదేళ్ళు దాటింది. ఈ పదేళ్ళలో లక్ష్మీదుర్గ మిక్సీ అడిగింది, గ్యాసు పొయ్యి మార్చమంది, ఒకసారి కోపంలో కొత్తపట్నం బస్సెక్కి పుట్టింటికి పోతానని కూడా అంది. వాటన్నిటికీ అతని దగ్గర సమాధానాలున్నాయి. ఇల్లాలు 'ఏమీ చెయ్యను' అంటే ఏమనాలో మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు. "ఏమీ చెయ్యకుండా ఊరికే ఎందుకు కూర్చుంటారు ఎవరన్నా?" అన్నాడు, నిజంగానే అర్థంకాక. రోజూ సాయంత్రం చీకటి పడేదాకా పంచాయతీ అరుగు మీద తను చేసేదేమిటో ఆ క్షణాన గుర్తు రాలేదు పాపం. దుర్గ గుర్తుచేయలేదు. మజ్జిగ పోసింది.

ఆ పెరటి సంగతి చెప్పాలి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకున్నారు, గేదెల్ని పంచుకున్నారు, ఇంటికి నడుమ గోడ పెట్టి చెరో సగం తీసుకున్నారు. ఆఖరికి ఇత్తడి గంగాళం అన్నకీ, దాని మూత తమ్ముడికీ వెళ్ళాయి. పెరడు మాత్రం పంచలేదు. వద్దన్నది అత్తగారు సుబ్బరావమ్మే. "అన్నదమ్ముల మజ్జన దడి కడితే ఊరు నవ్వుద్ది" అందావిడ. కొడుకులు తలలూపారు. ఊరు నవ్వకుండా ఉండాలంటే రోజూ ఎవరో ఒకరు ఆ పెరట్లో ఒళ్ళొంచాలి కదా, ఆ ఒళ్ళెవరిదని అప్పుడెవరూ అడగలేదు. తనదేనని దుర్గకి కాపరానికొచ్చిన వారంలోనే తెలిసిపోయింది.

వంటింటి వెనక తలుపు తీస్తే చాలు, దుర్గ కనపడుతుంది. దుర్గ కనపడితే అందరికీ పని గుర్తొస్తుంది. బావగారు శేషగిరి తన వసారాలో మంచం మీద నుంచి లేవకుండానే "అమ్మాయ్, టీ ఏమన్నా ఉందా?" అంటాడు. అది ప్రశ్న కాదు. ఆయన కోసం గుంటూరు నుంచి వచ్చిన మిర్చి బేరగాళ్ళు దుర్గ తోడిపెట్టుకున్న నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటారు. కల్లంలో ఎండిన కాయలు ఇంటికి చేరితే రెండిళ్ళ కుప్పలూ పెరట్లో పక్కపక్కనే పోస్తారు. తమ కుప్పలో తెల్లబారిన తాలు కాయలన్నీ ఏరి, భగభగమండే చేతులతో లేవబోతుంటే "పన్లో పని, అన్నయ్య కుప్ప కూడా చూడు, దొడ్డి ఒకటేగా" అంటాడు త్రినాథ్. పెరడు ఒకటే, నిజమే. చేతులు కూడా ఆ ఒక్క జతేనన్నది అతని బుర్రకి తట్టదు. ఒక ఏడు కనకాంబరం నారు నాటుకుంటే బావగారి కోళ్ళు గీరి పారేశాయి. మరుసటేడు గోంగూర వేసుకుంది. వండుకుందామని వెళ్ళేసరికి మోళ్ళు మిగిలాయి. అడిగితే ఎవరూ కొయ్యలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. "ఉమ్మడి దొడ్లో నీ మొక్కేంది, నా మొక్కేంది దుర్గా? నవ్వుతారు" అన్నాడు మొగుడు.

దుర్గ కోరింది పెద్దదేం కాదు. మధ్యాహ్నం అంట్లు తోమాక, పిల్లాడు బడి నుంచి వచ్చేలోగా ఒక గంట. మల్లెతీగ కింద నులకమంచం. జుట్టు విప్పుకుని, కొంగు పక్కన పడేసి, కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలి. నిద్రపోవాలని కూడా లేదు. నిద్రపోతే ఆ గంట గడిచిపోయిన సంగతే తెలీదు కదా. కొత్తపట్నంలో చిన్నప్పుడు సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో అలా కూర్చునేది. గాలికి ఆ చెట్లు ఒకటే హోరు, ఎవరన్నా పిలిచినా వినపడేది కాదు. ఆ వినపడకపోవడం ఎంత సుఖమో అప్పుడు తెలియలేదు. ఈ ఇంటికొచ్చాక, రోజుకి వందసార్లు 'అమ్మాయ్, దుర్గా, పిన్నీ, ఇదిగో' అనిపించుకున్నాక తెలిసింది. ఈ ఏడు తమ్ముడు ఆ తోపు కొట్టించి కాగితం మిల్లుకి తోలుతూ "అక్కా, సన్న కర్రలు మిల్లు వాళ్ళు తీసుకోరంట, పంపిచ్చనా?" అని ఫోన్ చేశాడు. దుర్గ ఎవర్నీ అడగలేదు. "పంపించరా" అంది.

కర్రలు దిగిన రోజు నుంచీ ఆమెకి పండగే. ట్రాక్టరు సర్వీసుకిచ్చినప్పుడు తీసిన కాలిన ఇంజనాయిలు డబ్బా గొడ్ల కొష్టంలో పడుంది. అందులో రెడ్ ఆక్సైడు పొడి కలిపి, పాత లుంగీగుడ్డ ముంచి కర్రలకి పట్టించడం మొదలుపెట్టింది. చెదలు పట్టదు, రంగూ వస్తుంది. మరిగిన చింతపండు పులుసు రంగు తేలింది. మోచేతుల దాకా నల్లబడ్డాయి, ముక్కు మీద చార పడింది, చీర ఇంక దేనికీ పనికిరాదు. ఒక్కో కర్ర పట్టించి గోడకానించి, నాలుగడుగులు వెనక్కెళ్ళి చూసుకుని తనలో తనే నవ్వుకునేది. ఇన్నేళ్ళలో చేసిన పని ఒక పూట తర్వాత కూడా అలాగే ఉండటం ఆమె చూడలేదు. తోమిన గిన్నె మళ్ళీ మాసేది, ఊడ్చిన వాకిలి మళ్ళీ చెత్త పడేది. ఈ కర్రలు మాత్రం పొద్దున లేచి చూస్తే నిన్నటి రంగులోనే నిలబడి ఉన్నాయి.

ఆ వాసనకి వసారాలోంచి శేషగిరి లేచొచ్చాడు. ఆయన లేచి రావడమే విశేషం.

"ఏరా త్రినాథూ, దడి కడతన్నారంట! మా మొహాలు చూళ్ళేకపోతన్నారా?"

"అబ్బే, అట్టాంటిదేం లేదన్నయ్యా. మొక్కలకంట."

"మొక్కలకైతే తడికలు చాలవా? ఇన్ని కర్రలెందుకు, కోట కట్టటానికా?"

పెరట్లో మంచం మీద కూర్చున్న సుబ్బరావమ్మ మొహం అటు తిప్పేసుకుంది. నెలకో ఇంట్లో వంతు ఆవిడది. ఆ నెల దుర్గ వంతు.

ఆ రాత్రి అన్నం తింటూ త్రినాథ్ గొప్ప ఉపాయం చెప్పాడు. "మూడు వైపులా కట్టుకో. అన్నయ్య వైపు వదిలెయ్. నీ ముచ్చటా తీరుద్ది, ఆయన మాటా దక్కుద్ది."

దుర్గ మొగుడి మొహం పరీక్షగా చూసింది. వేళాకోళమేమోనని. కాదు. తమ పెరటికి ఒక వైపు ఇల్లే ఉంది, ఒక వైపు పక్కవాళ్ళ ఆరడుగుల ఇటుక గోడ, వెనక కాకి కూడా దూరలేని ముళ్ళకంప. ఎవరన్నా వచ్చేది ఆ నాలుగో వైపు నుంచే. అది వదిలి, గోడకి దడి కట్టుకోమంటున్నాడు మహానుభావుడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ మానేసి "అట్టాగే" అంది. అలా అన్నప్పుడు దుర్గ మనసులో ఏదో నిశ్చయమైపోయిందని కట్టుకున్నవాడు ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా గమనించి ఉంటే బాగుండేది.

మూడోనాడు కోల్డ్ స్టోరేజీలోని బస్తాలు బయటికి తీయించే పని పడి అన్నదమ్ములిద్దరూ కలిసే గుంటూరు వెళ్ళారు. బస్సు కదిలిన కబురు రాగానే దుర్గ యేసుపాదాన్ని పిలిపించింది. ఊళ్ళో గుంతలు తీయాలన్నా తడికలు అల్లాలన్నా అతనే. పలుగు భుజాన వేసుకొచ్చి "యాడ తియ్యమంటారమ్మా?" అన్నాడు. దుర్గ తన వంటింటి మూల నుంచి వెనక ముళ్ళకంప దాకా, పెరటి నడిమధ్యన, కాలితో గీత గీసింది. గీత ఎక్కడా వంకర పోలేదు.

నాలుగు గుంతలు పడ్డాయో లేదో అవతలి ఇంటి తలుపు తెరుచుకుంది. తోడికోడలు కోటేశ్వరి. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది, నడుము మీద చెయ్యి. అక్క నోరంటే వీధికంతా భయమే. నాలుగు రోజులుగా దుర్గ తన మాటలు సిద్ధం చేసుకుంటూనే ఉంది. 'నేనెవర్నీ కాదనటంలేదక్కా' అని మొదలుపెట్టాలి, 'నాకూ ఒక మనసుంది' దగ్గర గొంతు పెంచాలి. కోటేశ్వరి గీత దాకా వచ్చి ఆగింది. గుంతలు చూసింది, కర్రలు చూసింది, దుర్గ ముక్కు మీద చార చూసింది.

"ఏమే, మా వైపు రంగెవరు పూస్తారు?" అంది.

దుర్గ సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కనపెట్టి, రంగు డబ్బా అటు జరిపింది.

"నీ మొగుడు చెప్పినట్టు నువ్వు ఆ గోడకి కట్టుకుని ఊరుకుంటావేమోనని నిన్నటి నించీ ఒకటే భయంగా ఉంది" అంటూ కోటేశ్వరి కూలబడి గుడ్డ అందుకుంది. "నీ మొగుడు పొద్దున్నే పాలకేంద్రానికి పోతా టిఫిను ఎక్కడ తింటన్నాడో తెలుసా నీకు?"

"తినడక్కా. పొద్దున్నే ఆకలుండదంటాడు. నేను చేస్తానన్నా వద్దంటాడు."

"ఎందుకుంటది ఆకలి? మా ఇంట్లో నాలుగిడ్లీలు లాగిచ్చి వస్తాంటే! 'దుర్గ ఇంకా లేవలేదు వదినా' అంటాడు రోజూ."

"నేను లేవలేదా! కోడి కంటే ముందు లేస్తాను గదక్కా!"

"నాకు తెలవదా? నీ చీపురు చప్పుడికే గదా నేను లేచేది. అతని చొక్కాలకి గుండీలెవరు కుడతన్నారనుకున్నావు?"

"తనే కుట్టుకుంటానంటాడు..."

"తనే! సూదిలో దారం ఎక్కిచ్చమను చూద్దాం." కోటేశ్వరి కర్రకి రంగు దట్టంగా పట్టించింది. "'దుర్గకి పని ఎక్కువ వదినా, దాన్ని ఇబ్బంది పెట్టటం నాకిష్టం లేదు' అంటాడు. మంచోడేలే, పెళ్ళాం మీద జాలి ఉంది అనుకునేదాన్ని."

దుర్గ చేతిలో కర్ర పక్కన పెట్టింది. "మరి బావగారు టీ నన్నెందుకు అడుగుతారో తెలుసా? 'కోటేశ్వరికి మోకాళ్ళ నొప్పులు, దాన్ని లేపబుద్ధి కాదు' అంటారు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు కోటేశ్వరి పెదవి కదిలింది. తర్వాత ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. గుంతలో పలుగు వదిలేసి యేసుపాదం కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. దుర్గకి నవ్వీ నవ్వీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళన్నీ నవ్వువే కావు. పొద్దున్నే ఆకలి లేదని తన పని తగ్గిస్తున్నాడని, మొగుణ్ణి లోలోపల ఎంత మెచ్చుకుంది తను! అమ్మతో ఫోన్లో చెప్పుకుంది కూడా. అతనికి జాలి ఉన్నమాట నిజమే. బావగారికీ ఉంది. ఎవరి పెళ్ళాం మీద వాళ్ళకి బోలెడంత జాలి. ఆ జాలికి కావలసిన చాకిరీ మాత్రం పక్కింట్లోంచి తెచ్చుకున్నారు. ఇన్నేళ్ళూ ఈ పెరట్లో తనొక్కతే చాకిరీ చేస్తున్నానని దుర్గ అనుకుంది, తనొక్కతేనని కోటేశ్వరి అనుకుంది. పిలుపులు మాత్రమే గీత దాటాయి, ఈ మాట ఒక్కటీ దాటలేదు. దుర్గకి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, ఈ గట్టినోటి మనిషి తనకి నిజంగా అక్కలా అనిపించింది. అది చెప్పడానికి సిగ్గేసి "ఆ కర్రకి అడుగున ఇంకాస్త పట్టించక్కా, చెదలొస్తాయి" అంది.

సాయంత్రానికి దడి లేచింది. అవతలి వైపు కోటేశ్వరి పూసిన రంగు కొంచెం ముదురు, ఇవతలిది కొంచెం లేత. మధ్యలో మనిషి పట్టే తలుపొకటి బిగిస్తూ యేసుపాదం తలెత్తాడు. "గడియ ఎటేపు పెట్టమంటారమ్మా?"

"రెండేపులా" అన్నారిద్దరూ ఒక్కసారే.

మర్నాడు తొలకరి పడింది. తడి మట్టి వేళ్ళకి అంటుకుంటుంటే దుర్గ తన వైపు మల్లె అంటు, బంతి నారు నాటింది. కోటేశ్వరి అవతల కాకర గింజలు, చిక్కుడు గింజలు పెట్టి దడి సందుల్లోంచి "ఏ తీగ ఎటు పాకినా కోసుకోవాల్సింది అడిగే" అంది. "అడిగే" అని దుర్గ ఒప్పుకుంది.

అన్నదమ్ములు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరూ చెరో వైపు నుంచి పెరట్లోకి వచ్చి, చెరో వైపునే ఆగిపోయారు. అలవాటైన నాలుక కదా, ముందు శేషగిరిదే లేచింది.

"అమ్మాయ్, టీ ఏమన్నా ఉందా?"

"ఉంది బావగారూ" అంది దుర్గ తన నులకమంచం మీద నుంచి లేవకుండా. "తాగుతున్నాను."

త్రినాథ్ తలుపు పట్టుకుని ఊపాడు. "వదినా, ఇదేంది, తలుపు రాటంలా?"

"గడియ వేసుంది నాయనా. రేపటికి ఇడ్లీ పిండి మీ ఇంట్లోనే ఉందిలే, పొయ్యి వెలిగించటం ఒకటే నేర్చుకోవాల" అని అవతల నుంచి వినపడింది.

త్రినాథ్ తల్లి వైపు చూశాడు. ఊరు, పరువు, అన్నదమ్ములు అని ఆవిడ ఇప్పుడన్నా నోరు తెరవకపోతుందా అని. సుబ్బరావమ్మ మునగచెట్టు కింద తన మంచం మీదే ఉంది. ఒళ్ళో పళ్ళెం నిండా వెల్లుల్లి, ఒలవమని పొద్దున దుర్గే ఇచ్చింది. పక్కన చేటలో చింతపండు, గింజలు తీసిపెట్టమని కోటేశ్వరి దడి మీంచి అందించింది. ఆవిడ చూపు కొడుకు మీద లేదు. దడి ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్కో కర్రా తడుముతున్నట్టు చూస్తోంది.

"యేసుపాదం కర్రలు ఏమన్నా మిగిల్చాడా అమ్మాయ్?"

"ఓ మోపు దాకా ఉన్నాయత్తయ్యా. ఎందుకు?"

సుబ్బరావమ్మ ఒళ్ళోంచి వెల్లుల్లి పళ్ళెం తీసి దుర్గ చేతిలో పెట్టింది.

"రేపొకసారి రమ్మను. నా మంచం చుట్టూ కూడా కట్టించుకుంటా. గడియ లోపలేపు పెట్టమను."